కుక్కకాటు: పంచాయతీ విధి, బాధితుని హక్కు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

గ్రామమునకు రోడ్డు, నీరు, దీపము ఎంత అవసరమో, వీధిలో నిర్భయముగ నడువగలుగుటయు అంత అవసరము. తెల్లవారుజామున కలుపుతీతకు బయలుదేరు కూలితల్లియు, పుస్తకముల సంచితో బడికి పోవు బిడ్డయు కుక్కలకు వెరచి దారి మార్చుకొనవలసివచ్చినచో, ఆ గ్రామమున ఎన్ని సదుపాయములున్నను లోటు లోటే. కావున నేడు కుక్కకాటు విషయమున మీ విధులను గూర్చియు, బాధితులకు చట్టము చూపు మార్గములను గూర్చియు మేము కొన్ని మాటలు మనవి చేయదలచినాము.

మొదట ప్రాణము, తరువాతనే వ్యవహారము. రేబిస్ అను పిచ్చికుక్క వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతికినవారు బహు అరుదు. కాని సకాలమున సరియైన చికిత్స జరిగినచో ఆ వ్యాధి రాకుండ కాపాడుకొనవచ్చును. కాటు పడిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. పిదప ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. చర్మములోనికి ఎక్కించు పద్ధతిలో టీకాను మొదటి సూది వేసిన దినమున, అటుపై 3, 7, 28 దినములకు ఇత్తురు. చర్మము చీలి రక్తము వచ్చిన గాయములకు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును గూడ ఇవ్వవలసియుండును. బొడ్డు చుట్టు 14 సూదులు పొడిచెదరను భయము నేటికిని కొందరిలో కలదు. ఆ పద్ధతి ఎన్నడో పోయినది. కూలి పోవునని నడుమ సూది మానుకొన్నవారిని తిరిగి ఆసుపత్రికి పంపు బాధ్యతను ఆ వార్డు సభ్యుడు వహింపవలెను.

ఇక న్యాయము మాట. ఒక ఉదాహరణము తీసికొందము. మోతుబరి రైతు తన మామిడితోటకు కావలియున్న కుక్కను గొలుసు విప్పి విడిచినాడు. దారిన పోవు కూలిస్త్రీని అది కరచినది. సాయంకాలము రచ్చబండ కడ పెద్దలు కూడి, ‘అయినదేదో అయినది, ఈ 500 రూపాయలు పుచ్చుకొమ్మ’ని ఆమెను పంపివేసిరి. ఆమెకు పోయిన కూలి ఎంత? ఆసుపత్రికి తిరిగిన బస్సు ఛార్జీలెంత? ఎవరును అడుగలేదు. ఇది రాజీ కాదు, పేదరాలి నోరు మూయించుట. కుక్క మోతుబరిదైనను, సర్పంచిదైనను చట్టమొక్కటే.

2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన అధీనమందలి జంతువు వలన ఇతరులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త వహింపనివారికి 6 నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇందుకై పోలీసుస్టేషనులో ఫిర్యాదు చేయవలెను. నష్టపరిహారమునకై సివిలు కోర్టులో దావా వేయుట వేరొక మార్గము. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ వకీలును ఏర్పరచును. 15100 నంబరునకు ఫోను చేసి సహాయము కోరవచ్చును.

యజమాని లేని ఊరకుక్క కరచినచో ఎవరిని అడుగవలెనని మీరు ప్రశ్నింపవచ్చును. స్థానిక సంస్థ, ప్రభుత్వము తమ విధిని నిర్వర్తింపలేదని హైకోర్టును ఆశ్రయింపవచ్చును. పంజాబు, హర్యానా హైకోర్టు 2023లో ఒక్కొక్క పంటిగాటునకు కనీసము 10,000 రూపాయల పరిహారమును నిర్ణయించినది. ఆ తీర్పు ఆ ప్రాంతమునకు చెందినదే యైనను, అందలి హెచ్చరిక మనకును వర్తించును.

ఏ మార్గమునకైనను కాగితమే ఆధారము. ఆసుపత్రి చీటీ, సూదుల కార్డు, గాయము ఫోటో, చూచినవారి పేర్లు, ఖర్చుల రసీదులు, ఫిర్యాదు నకలు భద్రపరుపవలెను. పంచాయతీ కార్యాలయమున కుక్కకాట్లకొక రిజిస్టరు పెట్టి, అదే దినమున తేదీతో వ్రాయించినచో చదువురాని బాధితునకు అంతకు మించిన సహాయము లేదు.

కుక్కల బెడద తొలగుటకు విషము పెట్టింతమని కొందరు తలంతురు. ఆ పని నేరము. జంతువును చంపుట 325వ సెక్షను క్రింద 5 ఏండ్ల వరకు ఖైదునకు పాత్రము కావచ్చును. 2026 జనవరిలో తెలంగాణలోని కొన్ని గ్రామములలో కుక్కలను చంపించిరను ఆరోపణపై సర్పంచుల మీద సైతము కేసులు నమోదైనవి. కొన్ని కుక్కలు చచ్చినను, వీధిలో ఎంగిలి, మాంసపు వ్యర్థములు ఉన్నంతవరకు క్రొత్తవి వచ్చి చేరును. వానికి టీకాయు ఉండదు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు చూపిన మార్గము వేరు. గుర్తింపు పొందిన సంస్థ ద్వారా కుక్కలను పట్టించి, సంతాననిరోధ శస్త్రచికిత్సయు రేబిస్ టీకాయు చేయించి, పట్టినచోటనే విడువవలెను. పిచ్చి సోకినదను అనుమానమున్న కుక్కను మాత్రము వేరుగ బంధించి ఉంచవలెను. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండుల ఆవరణలనుండి పట్టిన కుక్కలను మరల అచట విడువరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఈ పని ఒక్క పంచాయతీకి భారమే. ఇరుగుపొరుగు పంచాయతీలు కలిసి పశువైద్యాధికారితో మాటలాడి దినము నిర్ణయించుకొనిన సులభమగును.

మీరు తిరిగి వెళ్లిన పిదప జరుగు మొదటి సమావేశముననే మూడు తీర్మానములు చేయుడని మా మనవి: పెంపుడు కుక్కలన్నిటికి ఏటేట టీకా, వీధులలో వ్యర్థముల తొలగింపు, కార్యాలయమున కాట్ల రిజిస్టరు. ఆ రిజిస్టరులో వ్రాయవలసిన అవసరమే రాని ఏడు మీ గ్రామమునకు మంచి ఏడు. వ్రాయవలసి వచ్చిన నాడు మాత్రము, ఆ కుక్క ఎవరిదని చూచి కలము ఆపకుడు.