తలుపుకు అవతలి ఎలుగు
(అధ్యక్షోపన్యాసం)

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ 1937 సెప్టెంబరులో వెలువడింది. అందులో పగలు మనిషిగానూ రాత్రి ఎలుగుబంటిగానూ తిరిగే బెయోర్న్ గురించి ఆనాటి నుంచి జరిగిన చర్చను ఒకచోట పోగేసి చూస్తే, అది చాలావరకు ఆ పాత్ర ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న చుట్టూనే తిరిగిందని, కథలో ఆ పాత్ర చేసే పని ఏమిటన్న ప్రశ్నకు దక్కిన చోటు బహు స్వల్పమని తేటతెల్లమవుతుంది. సదస్సుకు విచ్చేసిన ప్రతినిధులకు ఆ నవల ఏడో అధ్యాయం కొట్టినపిండి కనుక కథను మళ్లీ చెప్పనక్కరలేదు. మనిషి ఎలుగుగా మారే క్షణాన్ని టోల్కీన్ పాఠకుడికి ఒక్కసారైనా ఎందుకు చూపలేదన్న ప్రశ్నను, ఏళ్ల తరబడి ఎవరూ తలకెత్తుకోని ఆ ప్రశ్నను, సభ ముందుంచడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

మూలాన్వేషణ వల్ల ఒనగూడిన మేలును కాదనడానికి లేదు. ‘హ్రోల్ఫ్ క్రాకి సాగా’లో (సాగా అంటే వీరుల, వంశాల వృత్తాంతాన్ని వచనంలో చెప్పే ప్రాచీన ఐస్లాండు రచన) రాజు ఆఖరి యుద్ధం చేస్తున్న వేళ బోద్వార్ బ్యార్కీ అనే వీరుడు కొలువుకూటంలో కదలక మెదలక కూర్చుని ఉంటాడు, అదే సమయంలో రణరంగంలో ఒక పెద్ద ఎలుగు రాజు పక్షాన నిలిచి శత్రువులను చీల్చి చెండాడుతుంటుంది, హ్యాల్తీ అనే సహచరుడు వచ్చి నిందించి అతణ్ణి లేపగానే ఎలుగు మాయమై, యుద్ధం అడ్డం తిరుగుతుంది. బోద్వార్ తండ్రి బ్యోర్న్ సవతితల్లి మంత్రప్రయోగానికి గురై పగలు ఎలుగుగా, రాత్రి మనిషిగా బతికినవాడు. ‘ఎగిల్ సాగా’లోని క్వెల్దుల్ఫ్ పొద్దుగుంకేసరికి ముభావంగా మారి నిద్రమత్తులో పడేవాడని, అతడు రూపం మార్చగలవాడని జనం చెప్పుకునేవారని ఉంది. 1925లో ఆక్స్‌ఫర్డులో ఆంగ్లో-సాక్సన్ ఆచార్య పీఠమెక్కిన టోల్కీన్‌కు ఈ గాథలు కరతలామలకం. బెయోర్న్ ఇంటి లోపలి భాగాన్ని చూపుతూ ఆయన గీసిన తొలి చిత్రం, ఆయన మిత్రుడు ఇ.వి. గోర్డన్ 1927లో ప్రచురించిన ప్రాచీన నార్స్ పాఠ్యగ్రంథంలోని కొలువుకూటం బొమ్మను చాలా దగ్గరగా పోలి ఉంటుంది.

నార్స్ సాహిత్యాన్ని టోల్కీన్ పాఠకులకు చేరువ చేసిన టామ్ షిప్పీ కృషి మరువరానిది. కానీ ఆయన బాటలో నడుస్తున్నామని చెప్పుకునేవారు కొందరు పోలికల పట్టిక వేసి అక్కడితో చేతులు దులుపుకోవడం శోచనీయం. టోల్కీన్ తీసుకున్నదానికంటే మార్చినదే ఎక్కువ. సాగాలోని తండ్రికి పగలు ఎలుగు రూపమైతే బెయోర్న్‌కు రాత్రి ఎలుగు రూపం. అక్కడ మంత్రానికి బలైన రాకుమారుడుంటే, ఇక్కడ మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పినట్టు ఇతరుల మంత్రమేదీ సోకని, తన శక్తి తన చేతిలోనే ఉన్న స్వతంత్రుడున్నాడు. బోద్వార్ దేహం కూటంలోనే ఉండిపోయి, అతని సత్తువ మాత్రమే ఎలుగై బయట పోరాడితే, బెయోర్న్ దేహమే ఎలుగై నేల మీద అడుగుజాడలు వదులుతూ వెళుతుంది. పైగా అతడు మాంసం ముట్టడు, అడవి జంతువులను వేటాడడు. మీగడ, తేనె అతని ముఖ్యాహారం. నార్స్ గాథల్లో ఎలుగు రూపం రణోన్మాదానికి చిహ్నమని బల్లగుద్ది చెప్పేవారు ఈ తేనెపట్ల యజమాని ముందు కాసేపు ఆగి ఆలోచించవలసింది.

ఇక అసలు ప్రశ్న. బెయోర్న్ ఇంట తొలి రాత్రి, పొద్దు పొడిచేదాకా ఎవరూ గడప దాటవద్దని గాండాల్ఫ్ హెచ్చరించి పడుకుంటాడు. అర్ధరాత్రి మెలకువ వచ్చిన కథానాయకుడు బిల్బోకు బయట గుర్రుమంటున్న చప్పుడు, తలుపు దగ్గర ఏదో భారీ జంతువు పెనుగులాడుతున్న అలికిడి వినిపిస్తాయి. అది బెయోర్నేనా, లోపలికి వచ్చి తమను చంపుతాడా అని భయపడి అతడు దుప్పటి తలదాకా లాక్కుంటాడు. తెల్లవారాక ఇంటివాడు కనిపించడు. గాండాల్ఫ్ రోజంతా అడుగుజాడలు వెతికి వచ్చి, రాత్రి ఆ ఇంటి ముందు చిన్నా పెద్దా ఎలుగులెన్నో కూడాయని, అన్ని దిక్కుల నుంచీ జాడలు వచ్చాయి గానీ పడమటి కొండల దిక్కు నుంచి మాత్రం ఏవీ రాలేదని, ఆ దిక్కుకు వెళ్లినవి ఒకే ఒక్క ఎలుగు జాడలని చెబుతాడు. పాఠకుడికి దొరికేవి చప్పుడూ జాడా మాత్రమే. ఆ తర్వాత మర్క్‌వుడ్ అడవి దారిలో వెన్నెల్లో ఎలుగు ఆకారం కనిపించినా, అది అప్పటికే ఎలుగు. నవల చివర వచ్చే అయిదు సైన్యాల యుద్ధంలో బెయోర్న్ గాబ్లిన్లనే దుష్టజాతి నాయకుడు బోల్గ్‌ను నలిపి చంపే ఘట్టం కూడా, స్పృహ తప్పి పడి లేచిన బిల్బో తర్వాత ఇతరుల నోట విన్నదే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆ ఒంటరి జాడలు పడమటికి ఎందుకు వెళ్లాయో చూస్తే విషయం బోధపడుతుంది. ముందు రోజు గాండాల్ఫ్ తన బృందం కొండల్లో గాబ్లిన్ల చేతా, వార్గులనే దుష్ట తోడేళ్ల చేతా పడిన పాట్లను కథగా చెబుతూ, ఆ బృందంలోని మరుగుజ్జులను కొద్దికొద్దిమందిగా లోపలికి రప్పించాడు. బెయోర్న్ ఆ కథను ఆనందంగా విన్నాడే గానీ నమ్మలేదు. రాత్రికి రాత్రి నది దాటి కొండల దాకా వెళ్లి, ఒక గాబ్లిన్‌నూ ఒక వార్గునూ పట్టుకుని నిజం రాబట్టి, అతిథుల మాట సత్యమని తేలాకే వారికి మనసారా స్నేహితుడయ్యాడు. గేటు బయట గాబ్లిన్ తల, చెట్టుకు మేకులతో కొట్టిన వార్గు తోలు ఆ విచారణకు సాక్ష్యాలు. కాబట్టి ఈ కథలో ఎలుగు రూపం పోరాట రూపం అయ్యే ముందు న్యాయవిచారణ చేసే రూపం. ఆతిథ్యం ఇచ్చిన గృహస్థు, ఆ ఆతిథ్యానికి అతిథి తగినవాడా అని తేల్చుకోవడానికి చీకట్లో వెళ్తాడు. విచారణ జరుగుతున్నంతసేపూ అతిథికి దాన్ని చూసే అధికారం లేదు. పాఠకుడు కూడా ఆ ఇంట అతిథే గనుక అతణ్ణీ తలుపుకు ఇవతలే ఉంచారు.

ఈ దృష్టితో చూసినప్పుడు, ఈ నవల ఆధారంగా తీసిన చలనచిత్రాలు చేసిన నష్టం తెలుస్తుంది. 2013 నాటి చిత్రం బెయోర్న్‌ను తన జాతిలో మిగిలిన ఏకైక వ్యక్తిగా, దుష్టులైన ఓర్కుల చెరలో హింస అనుభవించిన బాధితుడిగా మార్చింది; 2014 నాటి చిత్రం అతణ్ణి డేగ మీద నుంచి దూకించి గాలిలోనే ఎలుగుగా మార్చి చూపింది. నవలలో అతడు ఆఖరివాడు కాదు, అతని వంశీయులకు తరతరాలు ఆ శక్తి ఉందని గ్రంథకర్తే చెప్పాడు. అతని కొడుకు గ్రింబెయోర్న్ కాలంలో కొండదారినీ రేవునూ ఆ జనమే కాపాడుతున్నట్టు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తెలుపుతుంది. దాచిన క్షణాన్ని చూపడంతో విచారణ పోయి విన్యాసం మిగిలింది.

తెలుగునాట మరో తేలిక దారి ఉంది: బెయోర్న్‌ను జాంబవంతుడితో సమం చేసి వ్యాసం ముగించడం. రామాయణంలోని వానరులకు కామరూపులన్న, అంటే కోరిన రూపం ధరించగలవారన్న విశేషణం ఉన్న మాట నిజమే. కానీ జాంబవంతుడు భల్లూకరాజుగానే సభలో మాట్లాడతాడు, భల్లూకరాజుగానే శ్రీకృష్ణుడితో భాగవతం చెప్పినట్టు ఇరవై ఎనిమిది రోజులు పోరాడతాడు. అతనికి రాత్రీపగలూ సరిహద్దు లేదు, దాచవలసిన రెండో రూపమూ లేదు. రెండు సంప్రదాయాల్లోనూ ఎలుగు ఉన్నంత మాత్రాన పోలిక సిద్ధించదు; ఇలాంటి వ్యాసాలు జాంబవంతుడికీ న్యాయం చేయవు.

తెలుగు ప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో ఫాంటసీని పిల్లల చదువుగా తీసిపారేసిన రోజులు సభలోని పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అరువు తెచ్చుకున్న ఒక్క ప్రతిని నలుగురు వంతులవారీగా చదివి, ముఖ్యమైన పుటలను చేత్తో రాసుకుని వాదులాడుకున్న తరం అది. ఆ తరానికి దొరకని సామగ్రి నేటివారికి అందుబాటులో ఉంది. మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయంలో భద్రపరిచిన రాతప్రతులను జాన్ రేట్లిఫ్ 2007లో వ్యాఖ్యతో వెలువరించడంతో, తొలి ముసాయిదాలో ఈ పాత్ర పేరు మెద్వెద్ అనే స్లావ్ పేరని తెలిసింది; అంటే నార్స్ మూలమొక్కటే చాలునన్న ధీమాకు రచయిత చేతిరాతే అడ్డు నిలుస్తోంది. బెయోర్న్ కొంత మంత్రశక్తి ఉన్నా మనిషేనని 1954లో టోల్కీన్ రాసిన లేఖ కూడా అచ్చులో ఉంది. ఇంత సామగ్రి ఉండగా ఇంగ్లీషు విమర్శ వ్యాసాల సారాంశాలతోనే పరిశోధన పత్రాలు నింపడం క్షమార్హం కాదు.

కావలసింది మూలానికి వెళ్లే శ్రమ. ‘హ్రోల్ఫ్ క్రాకి సాగా’ను, ‘ఎగిల్ సాగా’ను ప్రాచీన నార్స్ నుంచి నేరుగా, కొలువుకూటం, అతిథిధర్మం, రూపమార్పు వంటి విషయాలపై విపులమైన పీఠికతో తెలుగులోకి తేవడం ఏళ్లు పట్టే పని, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. భాష నేర్చుకునే ఓపిక ఉన్న యువ పరిశోధకులు, వారికి చేదోడుగా నిలవగల పెద్దలు ఈ సదస్సు ముగిసేలోపు తమ పేర్లను కార్యదర్శికి అందజేయాలని అధ్యక్షస్థానం నుంచి విన్నపం.