చెరువుకు కాపరి ఎవరు?

(ప్లాటినం ఉత్సవ సభలో, ఇంజనీరుగా పనిచేసిన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతి వైపరీత్యాలను తట్టుకునే కట్టడాల గురించి మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. వైపరీత్యం అనగానే తుపాను, ఉప్పెన గుర్తుకు వస్తాయి. సముద్రానికి దూరంగా ఉన్న అన్నూరుకు అవి పత్రికలలో చదివే సంగతులు. పడమటి కనుమల చాటున, వాన తక్కువైన ఈ నేలకు వచ్చే ఆపద కరువు. అది చప్పుడు చేయకుండా వస్తుంది గనుక దానిని వైపరీత్యంగా లెక్కించడం మరచిపోతాము.

అయినా ముందు తుపాను మాటే చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి; మృతులు పదివేలకు తక్కువ కారని అంచనా. 1990 మే నెలలో అంతటి పెను తుపానే మళ్లీ ఆ తీరాన్ని తాకింది. ఈసారి మృతుల సంఖ్య వేయి దాటలేదు. హెచ్చరిక ముందుగా అందింది, లక్షలాది జనాన్ని తరలించారు, తలదాచుకునేందుకు తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు లేచి ఉన్నాయి. అటువంటి భవనంలో బడి నడుస్తుంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఊరందరికీ తెలుస్తుంది. కప్పు కారితే ఆ వారమే తెలుస్తుంది. తాళం వేసి తుపాను కోసం దాచిపెట్టిన భవనం తుపాను రాకముందే శిథిలమవుతుంది. నిత్యం మనుషులు మసలే కట్టడమే ఆపద నాడు అక్కరకు వస్తుందని నా నమ్మకం. కాంక్రీటు పాళ్లు, ఇనుము మందం తరువాతి మాటలు. నా తోటి ఇంజనీర్లు ఇందుకు నన్ను మన్నించాలి.

ఇక మన ఊరి సంగతి. నాయకరాజుల కాలంలోను, దానికి అటూ ఇటూ తెలుగు నేల నుంచి వచ్చిన మన పెద్దలు ఈ ప్రాంతపు నల్లరేగడిలో పత్తి, జొన్న పండించారు. కపిల తోలి నీరు తోడినంత కాలం బావి ఊరినంతే వాడుకోగలిగారు. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చింది; 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గారలు కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారుచేశారు. మనకు గర్వకారణమే. కాని ఆ మోటారు వెంబడే బావి లోతెక్కింది, బావి పోయి బోరు వచ్చింది, బోరు వేయి అడుగులు దాటింది. నీరు గొట్టంలో వస్తున్నప్పుడు చెరువును ఎవరు చూస్తారు? నీరుగంటి పదవి పోయింది. వరవ కాలువలు పూడాయి. చెరువు గర్భంలో సర్కారు తుమ్మ మొలిచింది.

2024 ఆగస్టు 17న అత్తికడవు–అవినాశి పథకం ప్రారంభమైంది. రైతులు దశాబ్దాలుగా అడిగినది. కాళింగరాయన్ ఆనకట్ట దిగువన భవానీ నదిలో మిగిలిన నీటిని ఆరు పంపుహౌసుల ద్వారా ఎత్తి, కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు జిల్లాలలో 1,045 చెరువులకు, కుంటలకు మళ్లిస్తారు. అన్నూరు ప్రాంతపు చెరువులూ అందులో ఉన్నాయి. సెకనుకు 250 ఘనపుటడుగుల చొప్పున 70 రోజులు పారితే మొత్తం ఒకటిన్నర టీఎంసీ. ఏడవ తరగతి పిల్లలు ఈ లెక్క చేసి చూడవచ్చు, సరిపోతుంది.

అయితే "మిగిలిన నీరు" అన్న మాటను గమనించాలి. కరువు ఏడాది భవానీలో మిగులు ఎక్కడిది? మంచి ఏడాది నీటిని నేలలో దాచి, చెడ్డ ఏడాదికి అందించడమే ఈ పథకం చేయగల మేలు. ఆ దాచే పని చెరువు గర్భానిది. ఒండ్రు పేరుకుంటే నీరు ఇంకదు, ఎండకు ఆవిరైపోతుంది. కోట్లు పెట్టి తెచ్చిన నీటికి చివరి కాపలా గడ్డపారా, తట్టా పట్టిన ఊరివారిదే. దానిని పంపుహౌసు చేయలేదు.

భూకంపం గురించి కూడా ఒక్క మాట. 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతం కంపించింది. దక్షిణ దేశంలో చాలాచోట్ల ఆ అదురు తెలిసింది. మన పాత తరగతి గదుల గోడలను, దూలాలను నిపుణులచేత పరీక్ష చేయించాలి. దీనికి వాయిదా తగదు.

ఉత్సవ నిధితో ముఖద్వారం కట్టాలన్న ఆలోచన ఉన్నదని విన్నాను. అందమైన ఆలోచనే. దానిని ఒక ఏడాది ఆపి, ముందు కప్పు మీది వాననీటిని పట్టే తొట్టి, బావి పక్కన ఇంకుడు గుంత కట్టించమని కమిటీవారిని అర్థిస్తున్నాను. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వేయి లీటర్ల నీరు. పిల్లలు నెలకొకసారి తాడు వేసి బావి నీటి మట్టాన్ని కొలిచి, తేదీతో పుస్తకంలో వ్రాయాలి. ఒక తరగతి వెళ్లిపోతే తరువాతి తరగతి ఆ పుస్తకాన్ని అందుకుంటుంది.

చెరువుకు వచ్చే వరవ కాలువ ఏయే పొలాల నడుమ నుంచి పారేదో కళ్లారా చూసిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. ఈశాన్య ఋతుపవనం అక్టోబరు నడిమికి వస్తుంది. అంతకు ముందే ఒక ఉదయం మన పిల్లలను వెంటబెట్టుకుని ఆ దారి నడిచి చూపవలసినదిగా వారిని ప్రార్థిస్తున్నాను. మట్టి కప్పిన తూము ఎక్కడున్నదో వారు చూపితే చాలు, తవ్వే పని పూర్వ విద్యార్థులం మేము చూసుకుంటాము.