కరెంటు పోతేనే వైఫై ఎందుకు తెగుతది? లాప్‌టాప్ చిప్పు నిద్ర కథ

ఈ ఎపిసోడ్ లినక్స్ లాప్‌టాప్ వాడేవాళ్ల కోసం. మన నల్లగొండ, పాలమూరు వైపు ఎండాకాలం గాలివాన వచ్చిందంటే ముందు పోయేది కరెంటే గదా. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంది, లైట్లు వెలుగుతూనే ఉన్నయి. ఫోన్‌లో వైఫై మంచిగా వస్తోంది. లాప్‌టాప్‌లో మాత్రం కొన్ని నిమిషాలకోసారి తెగిపోతోంది. కరెంటు వచ్చి ఛార్జర్ ఎక్కగానే అంతా సక్కగైతది.

ఇట్లాంటప్పుడు అందరూ ముందు రౌటర్‌నే తిడతారు. కానీ అదే రౌటర్ మీద ఫోన్ నడుస్తోంది. మారింది ఒక్కటే: లాప్‌టాప్ బ్యాటరీ మీదకు వచ్చింది. అంటే వెతకాల్సింది పవర్ సేవింగ్‌లో.

వైఫై చిప్పు ఎప్పుడూ మేలుకొని ఉండదు. ‘నేను పడుకుంటున్నా’ అని రౌటర్‌కు చెప్పి రేడియో ఆపేస్తది. ఆ టైంలో దానికొచ్చిన ప్యాకెట్లను రౌటర్ దాచిపెడతది. మామూలుగా 102.4 మిల్లీసెకండ్లకోసారి రౌటర్ ఒక బీకన్ పంపిస్తది, ఎవరెవరికి ప్యాకెట్లు దాచిందో అందులోనే ఉంటది. బస్టాండ్‌లో కునుకు తీసే ప్రయాణికుడు అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడల్లా ఒక కన్ను తెరిచి ‘మన బస్సేనా?’ అని చూసుకుంటడు చూడండి, అదే పని. తన పేరుంటే లేచి ప్యాకెట్లు తీసుకుంటది, లేకపోతే మళ్లీ పడుకుంటది. అందుకే ఈ మోడ్‌లో పింగ్ టైం 2, 3 మిల్లీసెకండ్ల నుంచి ఒక్కోసారి వంద దాకా ఎగురుతది. అది జబ్బు కాదు, నిద్ర. కనెక్షన్ తెగితేనే జబ్బు.

అసలు చిక్కు ఏంటంటే, నిద్ర ఒక్కటి కాదు. రేడియో నిద్ర మొదటిది. దాని కింద చిప్పు లోపల ఫర్మ్‌వేర్ పడుకునే గాఢ నిద్ర ఉంటది, డ్రైవర్ తట్టి లేపాలి. ఇంకా కింద, చిప్పును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు కూడా పడుకుంటది. దాన్ని ఏఎస్‌పీఎం అంటరు, ఎల్1 అనేది అందులో ఒక స్థాయి. ఈ మూడింటినీ కలిపి ‘పవర్ సేవ్’ అనేస్తరు, అందుకే డీబగ్గింగ్ గందరగోళం అయితది.

దేవరకొండలో ఉండే మా చిన్నమ్మ బిడ్డ ఇంట్లో నుంచే కస్టమర్ సపోర్ట్ పని చేస్తది, అంతా బ్రౌజర్‌లోనే. కాల్ మధ్యలో తెగితే కంపెనీవాళ్లు లాగౌట్ కింద లెక్కేసి ఇన్సెంటివ్ కోస్తరు. కరెంటు పోయిందా, చిప్పు పడుకుందా అని వాళ్లు అడగరు. “అన్నా, ఇంక వేరే లాప్‌టాప్ కొనుడేనా?” అని అడిగింది. ఈఎంఐ ఇంకా అయిపోలేదు.

ఛార్జర్ తీసి, ఒక టెర్మినల్‌లో రౌటర్‌కు పింగ్ పెట్టినం, పక్కన ఇంకోదాంట్లో కెర్నల్ లాగ్. ముందు ‘ఐడబ్ల్యూ’ కమాండ్‌తో రేడియో నిద్ర ఆపినం, స్క్రీన్ మీద చూపిస్తున్నా చూడండి. పింగ్ సాఫుగా వచ్చింది కానీ పది నిమిషాలకు కనెక్షన్ మళ్లీ తెగింది. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఇక్కడికే ఆగుతయి. తెగిందంటే దోషం మొదటి నిద్రది కాదు, అంతే. అది కూడా పనికొచ్చే జవాబే.

లాగ్‌లో రెండు మాటలు కనిపించినయి. చిప్పును లేపబోతే టైమౌట్. తర్వాత చిప్పు రిజిస్టర్ చదివితే వరుసగా ఎనిమిది ఎఫ్‌లు. ఇది గుర్తుపెట్టుకోండి: అన్నీ ఎఫ్‌లు వచ్చినయంటే చాలావరకు అది చిప్పు ఇచ్చిన విలువ కాదు. అవతల నుంచి ఎవరూ పలకలేదని అర్థం. అనుమానం లింకు మీదకు పోయింది. ‘ఎల్ఎస్‌పీసీఐ’ వివరంగా చూస్తే ఎల్1 ఆన్‌లో ఉంది. బ్యాటరీ మీదకు రాగానే ఒక పవర్ టూల్ లింకు పాలసీని పవర్‌సేవ్‌కు మారుస్తోంది. ఛార్జర్ పెడితే బాగయ్యే రహస్యం అదే.

ఇక్కడ ఒక పాపులర్ సలహా గురించి చెప్పాలి. బూట్ లైన్‌లో ‘పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్’ అని రాయమంటరు. పేరు చూసి అది నిద్రను ఆపుతదనుకుంటం. కెర్నల్ డాక్యుమెంటేషన్ చదివితే దానర్థం వేరే: ఏఎస్‌పీఎం సెట్టింగ్‌ను కెర్నల్ ముట్టుకోదు, బయోస్ ఎట్ల పెట్టిందో అట్లనే వదిలేస్తది. బయోస్ ఎల్1 ఆన్ చేసి ఉంటే ఆన్‌లోనే ఉంటది! ఎన్ని వీడియోల్లో ఈ లైన్‌ను మందులాగా పంచిన్రో.

కెర్నల్ 5.5 నుంచి ఒక్కో డివైస్‌కు విడిగా ఎల్1 ఆపే వీలుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ వైఫై కార్డు ఫోల్డర్ కింద ‘లింక్’ అని ఉంటది, అందులో ‘ఎల్1_ఏఎస్‌పీఎం’ ఫైల్‌లో 0 రాస్తే చాలు. అది రాసి, రేడియో నిద్రను మళ్లీ ఆన్ చేసినం. ఛార్జర్ లేకుండా రెండు గంటలు నడిపినం. పింగ్ అప్పుడప్పుడు ఎగిరింది, కనెక్షన్ మాత్రం ఒక్కసారీ తెగలేదు. రీబూట్ అయితే ఆ సున్నా పోతది కాబట్టి యూడెవ్ రూల్ ఒకటి రాసిపెట్టినం.

‘మొత్తం పవర్ సేవింగ్ ఆపేస్తే అయిపోయేది గదా’ అంటరు కొందరు. ఎప్పుడూ ప్లగ్ దగ్గరుండే డెస్క్‌టాప్‌కైతే సరే. మా చెల్లెకు బ్యాటరీ కావాల్సిందే కరెంటు లేని ఆ రెండు, మూడు గంటలు. అందుకే ఏ నిద్ర చెడగొడుతోందో దాన్నొక్కదాన్నే ఆపాలి.

కానీ సున్నా రాసుడు మన ఇంటి మందే. అసలు వైద్యం డ్రైవర్‌లో జరగాలి: ఫలానా మోడల్ మీద ఎల్1 వద్దని డ్రైవరే చెప్పాలి. దానికి మెయింటెయినర్‌కు మంచి రిపోర్ట్ పోవాలి. ‘వైఫై పనిచేస్తలేదు’ అని రాస్తే ఆయనైనా ఏం చేస్తడు? కెర్నల్ వెర్షన్, కార్డు ఐడీ నంబర్లు, ఫర్మ్‌వేర్ వెర్షన్, తెగడానికి ముందు నుంచి మొదలైన లాగ్ పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం: ఏది ఆపితే తెగింది, ఏది ఆపితే తెగలేదు అన్నది. చెల్లె రిపోర్ట్ తనే రాసింది, నేను లాగ్ మాత్రం కత్తిరించి ఇచ్చిన. వచ్చే ఎపిసోడ్‌లో ఆ యూడెవ్ రూల్‌ను లైన్ లైన్ చదువుదాం.