మన వీధి చెట్టు ఆకుల మీద ఆ బొడిపెలేంటి?

ఈ రోజు ఎపిసోడ్ మా గేటు ముందు నుంచే.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫోటో వచ్చింది. గేటు పక్కన చెట్టు ఆకు. దాని నిండా చిన్న చిన్న వేళ్ళలాగా లేచిన బొడిపెలు. కింద మెసేజ్: "చెట్టుకి వైరస్ పట్టింది, పిల్లలకి అంటుకుంటుంది, ఆదివారం కొట్టించేద్దాం." చాలామంది ఓకే అనేశారు.

నిజం చెప్తున్నా, అయిదేళ్ళుగా ఆ నీడలోనే బండి పెడుతున్నా, దాని పేరు నాకూ తెలీదు. కిందకి దిగి చూశా. ఒక్కో కాడకి అయిదో ఏడో ఆకులు, జంటలుగా, చివర ఒకటి. కింద రాలిన కాయలు బల్లపరుపుగా, గట్టిగా ఉన్నాయి. పగలగొడితే లోపల ఒకటే గింజ. వాచ్‌మన్ తాతకి చూపిస్తే నవ్వేశాడు. "కానుగ కదా బాబూ! దీని పుల్లతోనే పళ్ళు తోముకునేవాళ్ళం. ఆకు పొలంలో తొక్కేవాళ్ళం, ఎరువుకి."

పేరు దొరికాక మిగతాది ఈజీ. ఆ బొడిపెలు వైరస్ కాదండీ. అసీరియా పొంగామియే అనే నల్లి పని. మంచంలో నల్లి కాదు, సాలీడు జాతికి దగ్గరది. పొడవు మిల్లీమీటర్‌లో అయిదో వంతు కూడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మామూలు కంటికి ఆనదు. అది లేత ఆకుని గుచ్చి రసం పీలుస్తుంది. దాంతో ఆకు కణాలు అక్కడ దారి తప్పి పెరుగుతాయి. అంటే ఆ ఇల్లు కట్టేది నల్లి కాదు, చెట్టే! మన భాషలో చెప్పాలంటే, సర్వర్ చెట్టుది, కోడ్ నల్లిది.

మనుషులకి అంటదు. పెద్ద చెట్టు దీనివల్ల చచ్చిపోదు. లేత మొక్కకి ఎక్కువగా వస్తే ఆ ఆకులు తుంచి పారేస్తే చాలు. మందు కొట్టించకండి, నల్లి బొడిపె లోపల దాక్కుని ఉంటుంది, మందేమో వీధిలో పిల్లల మీద పడుతుంది.

ఇంకో మాట. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, పర్మిషన్ కావాలి.

ఇవన్నీ గ్రూప్‌లో పెట్టా. శనివారం రాత్రి దాకా వాదన. ఆదివారం గొడ్డలి రాలేదు. చెట్టు అక్కడే ఉంది, నా బండీ దాని కిందే ఉంది.

మీ గేటు ముందు చెట్టు పేరేంటో మీకు తెలుసా? కామెంట్‌లో చెప్పండి. తెలీకపోతే ముందు తాతల్ని అడగండి. ఉంటానండీ!