ఆచార్య రంగా చట్టసభా జీవితము



1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించినది మొదలు 1991లో లోక్‌సభ నుండి వెడలివచ్చు వఱకు, నడుమ కొలది విరామములు తప్ప, ఆఱు దశాబ్దుల కాలము దేశపు చట్టసభలలో సభ్యులై యుండిన గోగినేని రంగనాయకులుగారిని గూర్చి ప్రసంగింపుమని నన్ను నియోగించినారు. ఇంతటి దీర్ఘకాలము గిన్నిసు పుస్తకమున సైతము నమోదైనది. అయినను ఆయనను గూర్చి తెలుగుదేశమున తఱచుగా వినవచ్చు మాట ఆ కీర్తి కాదు, పార్టీలు మార్చినాడను నింద. ఆ నింద ఎంతవఱకు న్యాయమో విచారించుటయే నా ఉద్దేశము.

1900లో గుంటూరు మండలమున నిడుబ్రోలులో రైతుకుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము నభ్యసించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బోధించిన ఈయన, చేనేత ఆర్థికస్థితిపై గ్రంథము వ్రాసి పండితుడుగానే కాలము గడిపియుండవచ్చును. అట్లు గడుపలేదు. వేంకటగిరి జమీందారీ రైతులు శిస్తులకును, అడవిపుల్లరులకును, ఠాణేదారుల దౌర్జన్యములకును తాళలేక లేచినపుడు వారి పక్షమున నిలిచి చెఱసాలకేగిరి. నిడుబ్రోలులో రైతుబిడ్డలకు రాజకీయ శిక్షణ నిచ్చు విద్యాలయమును నెలకొల్పిరి. 1936లో లక్నోలో స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షతన అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినపుడు దాని ప్రధాన కార్యదర్శి రంగాగారే. ఆ సభలో కమ్యూనిస్టుల ప్రాబల్యము పెరిగిన కొలది వారికిని ఈయనకును పొసగక పోయినది. ధనికరైతుల ప్రతినిధి యని వారాయనను నిందింపగా, రైతు భూమిని లాగికొనుటకే వచ్చినవారని ఈయన వారిని నిందించిరి. ఈ కలహము తెలుగు రాజకీయములలో ఒక తరమువారికి నిత్యకృత్యమైనది.

1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి నీలం సంజీవరెడ్డిగారితో పోటీపడి ఓడి, ప్రకాశము పంతులుగారితో కూడి కాంగ్రెసును వీడి, పిదప పంతులుగారిని కూడ వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించి, 1955 మధ్యంతర ఎన్నికలలో కమ్యూనిస్టుల నెదుర్కొనుటకు కాంగ్రెసుతోనే జతకట్టి మరల దానిలో కలిసిన వృత్తాంతము మీ రెఱిగినదే గనుక విస్తరింపను.

ఆగదగినది 1959వ సంవత్సరము. ఆ జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమే భావి గ్రామవ్యవస్థకు ఆదర్శమని తీర్మానింపగా, రంగాగారు కాంగ్రెసు పార్లమెంటరీ పక్ష కార్యదర్శిత్వమును త్యజించి, రాజాజీ ప్రోత్సాహమున మద్రాసులో వెలువడిన స్వతంత్ర పార్టీకి ప్రథమాధ్యక్షులైరి. విచిత్రమేమనగా, జమీందారులతో పోరి పేరు గడించిన మనుష్యుడు మహారాజులును, మాజీ జమీందారులును, పెట్టుబడిదారులును చేరిన పార్టీకి నాయకుడయ్యెను. ప్రత్యర్థు లీ వైరుధ్యమును ఎత్తిచూపుటలో తప్పేమియు లేదు. కాని 1963, 64 సంవత్సరములలో పదునేడవ రాజ్యాంగ సవరణపై జరిగిన వివాదమును గమనించినచో ఆయన తర్కము కొంత బోధపడును. జమీందారీల రద్దునకై 'ఎస్టేటు' అను పదమునకు రాజ్యాంగమున నిచ్చిన నిర్వచనమును ఆ సవరణ రైత్వారీ భూములకును విస్తరించినది. నలువదినాలుగు చట్టములను తొమ్మిదవ షెడ్యూలున చేర్చి న్యాయస్థానముల పరీక్షనుండి తప్పించినది. జమీందారును తొలగించుటకు చేసిన కత్తితో రైతునే కోయుచున్నారని ఆయన పక్షపు వాదము. సొంతముగా సాగుచేసికొను భూమిని పరిమితికి లోబడి యుండగా తీసికొన్నచో బజారు ధర చెల్లింపవలెనను నిబంధన ఆ సవరణలోనే చేరినది గాన, ఆ భయము కేవలము కల్పితమనుటకు వీలులేదు.

1962లో తెనాలిలో ఓడి, ఉపఎన్నికలో చిత్తూరునుండియు, 1967లో శ్రీకాకుళమునుండియు లోక్‌సభకు వచ్చిరి. 1967లో నలువదినాలుగు స్థానములతో స్వతంత్ర పార్టీ ప్రధాన ప్రతిపక్షమైనది. 1971లో ఆయన ఓటమి పాలైరి. ఆ పార్టీయు క్షీణించినది. పిమ్మట, బ్యాంకుల జాతీయీకరణమునందును, రాజభరణముల రద్దునందును తన పార్టీ ఎదిరించిన ఇందిరాగాంధీగారి కాంగ్రెసులోనే చేరిరి. దీనికి సమర్థనమును నేను వెదకను. 1959లో సిద్ధాంతమునకై పదవిని వదలిన మనుష్యుని జీవితమున ఇది బలహీనమైన ఘట్టము. ఓటర్లు మాత్రము క్షమించిరి. 1980, 1984, 1989 సంవత్సరములలో గుంటూరు ఆయననే ఎన్నుకొనినది. అందు 1984 నాటి విజయము తెలుగుదేశం పార్టీ ప్రభంజనమునకు ఎదురొడ్డి లభించినది, అప్పటికి ఆయన వయస్సు ఎనుబదినాలుగు.

ఇక నా తీర్పు. ఎన్ని జెండాలు మార్చినను, భూమి దున్నువాని సొత్తుగా నిలువవలెనను ఒక్కమాటను ఆయన విడువలేదు. జమీందారుకును, ప్రభుత్వమునకును అదే సమాధానము చెప్పిరి. అయితే ఆ సొత్తున కూలికి నడుము వంచువాడును, కాగితము లేని కౌలుదారుడును ఆ వాదమున ఎక్కడ నిలుతురో స్పష్టపఱచలేదు. గుంటూరు, కృష్ణా డెల్టాలలో నేడు భూమి నధికముగా సాగుచేయుచున్నది కౌలుదారులే గనుక, రంగాగారిని గౌరవించువారు ఆయన వదలిన ఆ ప్రశ్నను చేపట్టవలెనని కోరుచున్నాను.