తివాచీని తిరగేసి చూడండి



జోడ్‌భావి పేటలో మా బావగారింట్లో పడుగూ పేకా తెలియనివాళ్లు లేరు. ఆయన ముప్పై ఏళ్లు టెర్రీ టవళ్లు నేసిన మనిషి. టవల్ చేతికిస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తారు. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ పేక పలచబడిందో తడిమి చెప్పేస్తారు. అటువంటి ఆయన, కూతురి కొత్త కాపురానికి ఇద్దామని ఒక అమ్మకాల ప్రదర్శనలో ‘చేత్తో చేసిన ఇరానీ తివాచీ’ కొన్నారు. రెండు వేసవులు గడిచాయో లేదో, అమ్మాయి ఇల్లు ఊడ్చినప్పుడల్లా దాని కింద తెల్లటి పొడి కనబడసాగింది. అంచు కుచ్చులు కుట్టు ఊడి వేలాడాయి. “టవల్ తిరగేసి చూసేవాణ్ణి, దీన్ని తిరగెయ్యలేదు బామ్మర్దీ” అన్నారాయన.

అమ్మినవాడు పూర్తిగా అబద్ధం ఆడలేదు. తిరకాసంతా అక్కడే ఉంది. ఒక గుడ్డను చట్రానికి బిగించి, చేత్తో పట్టుకునే యంత్రంతో ఉన్ని పోగులను దానిలోకి గుచ్చుతారు. అవి ఊడిపోకుండా వెనక రబ్బరు జిగురు పూసి, పైన ఇంకో గుడ్డ అంటిస్తారు. చెయ్యి తగిలింది కాబట్టి దాన్ని ‘హ్యాండ్‌మేడ్’ అంటారు. ఒక్క ముడి కూడా ఉండదు. కొన్నేళ్లకు జిగురు ఎండి రాలిపోతుంది. ఆ తెల్లపొడి అదే.

మరి అసలు తివాచీ ఎట్లా ఉంటుంది? మీకు చెప్పడం తేలిక. టెర్రీ టవల్లో రెండు పడుగులుంటాయి కదా, వదులుగా వదిలిన పడుగు లేచి ఉంగరాలవుతుంది. ముడి తివాచీలో అలా కాదు. రెండేసి పడుగు పోగుల మీద ఒక ఉన్ని ముక్కను వేళ్లతో ముడివేసి కోస్తారు. వరస పూర్తయ్యాక పేక వేసి, పంజాతో కొట్టి బిగిస్తారు. మళ్లీ ఇంకో వరస. అందుచేత వెనక్కి తిప్పితే ముందున్న పువ్వూ తీగా అక్కడ కూడా స్పష్టంగా కనిపించాలి. వెనక గుడ్డ అంటించి ఉంటే అనుమానించండి. అంచు కుచ్చు పడుగు కొసే అయి ఉండాలి, విడిగా కుట్టింది కాకూడదు. ముందువైపు బొచ్చును వేళ్లతో పాయ తీసి చూస్తే మొదట్లో ముడి కనబడాలి.

ఇంకో మోసం ఉంది, నేతగాళ్లు మాత్రమే పట్టగలిగేది. రెండు పోగుల మీద వెయ్యాల్సిన ముడిని నాలుగు పోగుల మీద వేస్తారు. దీన్ని జుఫ్తీ ముడి అంటారు. పని సగమవుతుంది, బొచ్చు పలచనై త్వరగా అరుగుతుంది. వెనక ముడులు అడ్డంగా సాగి కనిపిస్తే అదేనేమో చూసుకోండి.

ఇప్పుడు పోగులు లెక్కపెట్టే భూతద్దం తీయండి. వెనకవైపు ఒక అంగుళంలో అడ్డంగా ఎన్ని ముడులు, నిలువుగా ఎన్ని ముడులు? పదీ పదీ అయితే చదరపు అంగుళానికి 100. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న తివాచీలో 3,45,600 ముడులుంటాయి. ఒక చెయ్యి రోజుకు 8,000 ముడులు వేస్తుందనుకుంటే 43 రోజులు. ఉన్ని ధర, అద్దకం ధర, దుకాణం లాభం తీసేసి, మిగిలిన దాన్ని 43తో భాగించండి. వచ్చిన కూలి మీ మగ్గం కూలి కంటే మరీ తక్కువగా ఉంటే, అది చేతి ముడి కాదు. లేదా ఎక్కడో ఎవరి కూలో కొట్టేశారు, పిల్లల చేత కూడా వేయించి ఉండొచ్చు. బాలకార్మికులు లేకుండా నేసిన తివాచీలకు గుర్తు వేయాలని కైలాష్ సత్యార్థి పూనికతో 1994లో రగ్‌మార్క్ వచ్చింది. 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. ఆ చీటీ ఉందేమో అడగండి, తప్పులేదు.

ముడులు ఎక్కువైతేనే మంచిదని మాత్రం అనుకోకండి. పల్లెల్లో నేసిన మోటు తివాచీ మంచి ఉన్నితో, మంచి రంగుతో ఉంటే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే వదిలెయ్యండి. ఒకే నీలంలో అక్కడక్కడా ఛాయ మారితే మాత్రం భయపడకండి, అది అద్దకం వాయి మారిన గుర్తు. దుకాణదారు ఒప్పుకుంటే ఒక పోగు తీసి కాల్చండి. ఉన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. కృత్రిమ పోగు కరిగి గట్టి ముద్దవుతుంది. పట్టు అని చెప్పినది కాగితం కాలిన వాసనేస్తే అది రేయాన్ జాతిది. ఉన్ని వాసన, గరుకు మనకు కొత్త కాదు, గొంగడి కప్పుకున్నవాళ్లమే.

‘ఇరానీ’ అన్న మాట దగ్గర కూడా ఆగండి. మనదేశంలో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం భదోహీలో, కాశ్మీరులో, జైపూర్‌లో నేసినవే. కాషాన్, కెర్మాన్ నమూనా మాత్రమే అక్కడిది. ఉన్నమాట చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఏలూరుకు ఉన్ని తివాచీల నేత తెచ్చాయని చెబుతారు. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి.

ఇక ఇంటి సంగతి. ఒకే గదిలో మగ్గం, వంట, పడక ఉన్నచోట ఉన్ని తివాచీ వద్దనే అంటాను. నూలు దూది, నూనె, పురుగు, మూడూ దానికి శత్రువులే. వేరే గది ఉంటే చిన్నది చాలు. ఏడాదికి రెండుసార్లు తిరగేసి దులపండి, అటూ ఇటూ తిప్పి పరవండి, చుట్టి పెట్టేటప్పుడు ఎండిన వేపాకు వేయండి. అంత డబ్బు లేకపోతే నకిలీ ఇరానీ కంటే వరంగల్ నూలు జంఖానా ఎన్నో రెట్లు నయం. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మా బావగారు చివరికి అదే చేశారు. వరంగల్ కొత్తవాడకు వెళ్లి, జంఖానా విప్పగానే తిరగేసి, జేబులోంచి భూతద్దం తీశారట. నేసినాయన నవ్వి, “అన్నా, మీదీ మగ్గమేనా?” అని అడిగాడట.