అతుకు పట్టాలంటే చుట్ట మానాలి



ఈరోజు చుట్ట గురించి మాట్లాడతాను. లేచి వెళ్లిపోకండి! ఆపరేషనుకీ చుట్టకీ ఉన్న సంబంధం ఏమిటో చెబుతాను.

అడ్డపొగ మన శ్రీకాకుళం వైపు అందరికీ తెలిసిందే. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టి పీలుస్తారు. గాలికి ఆరిపోదు, చేతులు పనిలో ఉండొచ్చు. కాని ఆ వేడీ, ఆ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం డాక్టర్లు మన రాష్ట్రం పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్ష చేశారు. అడ్డపొగ వల్ల అంగిట్లో మచ్చలు, పుళ్లు వస్తాయి. కొందరికి అవే కేన్సరుగా మారతాయి.

అప్పుడు అంగిలి ముక్క కోసి తీసేయాలి. అక్కడ కన్నం పడుతుంది. గంజి తాగితే ముక్కులోంచి వస్తుంది. మాట సరిగా రాదు. కొందరికి ఆ కన్నాన్ని పలకలాంటి దానితో మూస్తారు. కొందరికి ఒంట్లో మరోచోటి కండ తెచ్చి అతుకుతారు. ఇదే ప్లాస్టిక్ సర్జరీ. బిందెలు చేసే ప్లాస్టిక్ కాదమ్మా! మన కండే, మన చర్మమే. పొయ్యి దగ్గర చీర అంటుకుని కాలిన వాళ్లకి కూడా తొడ చర్మం తీసి వేస్తారు. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది.

నారు పీకి మడిలో నాటుతాం కదా. నీరు అందితేనే అది వేరు తొడుగుతుంది. అతికిన చర్మానికి నీరు ఏమిటి? నెత్తురు. చుట్టలోని నికోటిన్ నెత్తురు పారే సన్న నాళాలను బిగించేస్తుంది. మదుము మూసేసినట్టే. పొగలోని విషవాయువు నెత్తురులో ప్రాణవాయువును తగ్గిస్తుంది. అతుకు నల్లబడి చచ్చిపోవచ్చు. అప్పుడు పాత పుండు మానదు, చర్మం తీసిన చోట కొత్త పుండు మిగులుతుంది. మళ్లీ ఆపరేషను, మళ్లీ కూలి పోవడం.

అందుకే కనీసం నాలుగు వారాల ముందే మానాలి. గాయం పూర్తిగా మానేదాకా ముట్టకూడదు. చుట్ట మాని ఖైనీ నమిలితే లాభం లేదు, అందులోనూ నికోటిన్ ఉంది. "రోజుకి ఒక్కటేనమ్మా" అంటారు కొందరు. ఆ ఒక్కటీ నాళాలను బిగిస్తుంది.

కేన్సరు ఆపరేషను మాత్రం చుట్ట కోసం వాయిదా వేయకండి. డాక్టరు చెప్పిన రోజే చుట్ట పారేయండి. ఒకటి రెండు రోజుల్లోనే ఆ విషవాయువు నెత్తురులోంచి పోతుంది. డాక్టరు అడిగితే సిగ్గుపడి దాచకండి. ఆయన తిడితే తిట్టనివ్వండి.

మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి ఉంటాయి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఫోను చేయండి. డబ్బు పడదు. నంబరు బోర్డు మీద రాస్తున్నాను, మీ పుస్తకాల్లో రాసుకోండి.